ఏ ఆట ఆడుతున్నాం?
సహకారంపై ఎనభై ఏళ్ళ చర్చ, తెలుగు నేల మీద దానికి జరిగిన పరీక్షలు

చోడవరం పక్కనే గోవాడలో ఉన్న సహకార చక్కెర కర్మాగారం మాట వస్తే రెండు వాదనలు ఎదురెదురుగా నిలబడతాయి. రైతులు చెరకును బెల్లం గానుగలకు మళ్ళిస్తున్నందువల్ల ఫ్యాక్టరీ దెబ్బతింటోందన్నది ఒకటి. ఫ్యాక్టరీ సకాలంలో డబ్బు చెల్లించనందువల్లే రైతులు మళ్ళిస్తున్నారన్నది రెండోది. రెండింటిలోనూ నిజం ఉంది. అందుకే తప్పెవరిదో తేల్చడం మొదలుపెడితే వాదన గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. పూర్వపు విశాఖపట్నం జిల్లాలో, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాలో ఉన్న ఈ చెరకు ప్రాంతం ఎదుర్కొంటున్న ప్రశ్న నిజానికి చాలా పెద్దది. అందరూ కలిసి నడిస్తే అందరికీ మేలు జరిగే చోట కూడా మనుషులు ఎందుకు విడిపోతారు? కొన్నిచోట్ల ఎలా కలిసి ఉండగలుగుతారు?

గణితజ్ఞులు, ఆర్థికవేత్తలు, జీవశాస్త్రజ్ఞులు, రాజనీతి శాస్త్రజ్ఞులు ఎవరికి వారు ఈ ప్రశ్నకు జవాబులు వెతికారు. గేమ్ థియరీ, సహకారం, సంక్లిష్ట వ్యవస్థలు అనే మూడు పేర్ల కింద ఇప్పుడు పెద్ద గ్రంథాలయమే పోగుపడింది. చదవబోయే వారికి అందులో తోవ దొరకడం కష్టం. ఒక పుస్తకం మనిషి స్వార్థపరుడంటుంది, మరొకటి కాదంటుంది. ఒకటి ప్రభుత్వం కావాలంటుంది, మరొకటి ప్రభుత్వమే అడ్డంటుంది. ఈ వాదాల్లో చాలావరకు ఒకదాన్నొకటి ఖండించడం లేదని, వేర్వేరు ఆటల గురించి మాట్లాడుతున్నాయని ఈ సమీక్ష అభిప్రాయం. తెలుగు నేల మీద జరిగిన అనుభవాలను పక్కన పెట్టుకుని చూస్తే ఆ తేడా స్పష్టమవుతుంది.

చర్చ మొదలైన తీరు

1944లో జాన్ వాన్ న్యూమన్, ఆస్కార్ మోర్గెన్‌స్టర్న్ కలిసి రాసిన పుస్తకంతో గేమ్ థియరీ ఒక శాస్త్రంగా నిలదొక్కుకుంది. ఒకరి లాభనష్టాలు ఎదుటివారి నిర్ణయం మీద కూడా ఆధారపడే ప్రతి పరిస్థితినీ ఈ శాస్త్రం ఆటగానే లెక్కిస్తుంది. 1950లో జాన్ నాష్ సమతౌల్యమనే భావనను స్పష్టం చేశాడు. మిగతావారు తమ దారి మార్చుకోనంతవరకు ఏ ఒక్కరూ తాము మాత్రమే మారి బాగుపడలేని స్థితి అది. అందరికీ మేలైన స్థితి, సమతౌల్య స్థితి ఒకటే కానక్కర్లేదు. అదే ఏడాది అమెరికాలోని రాండ్ సంస్థలో మెరిల్ ఫ్లడ్, మెల్విన్ డ్రెషర్ రూపొందించిన చిన్న ఆట ఈ సంగతిని కొట్టొచ్చినట్టు చూపించింది. ఆల్బర్ట్ టక్కర్ దానికి ఇద్దరు ఖైదీల కథ జోడించడంతో ‘ఖైదీల సందిగ్ధం’ అనే పేరు స్థిరపడింది.

ఆ ఆటను కాలువ గట్టు మీదకు తెస్తే ఇలా ఉంటుంది. తూము దగ్గర ఇద్దరు రైతులున్నారు. ఇద్దరూ వంతుల ప్రకారం నీళ్ళు పెట్టుకుంటే రెండు పొలాలూ పండుతాయి. కానీ ఎదుటివాడు వంతు పాటించినా పాటించకపోయినా, రాత్రికి రాత్రి గండి కొట్టుకోవడమే ఎవరికి వారికి లాభం. ఇద్దరూ అదే లెక్క వేసుకుంటే ఇద్దరి పైర్లూ ఎండుతాయి. ఇక్కడ ఎవరూ తెలివితక్కువవారు కాదు. వారి తెలివే వారిని నష్టం వైపు నడిపిస్తుంది.

1965లో మాన్కర్ ఓల్సన్ ఈ తర్కాన్ని సంఘాలకు, యూనియన్లకు వర్తింపజేశాడు. పదిమందికీ దక్కే ఫలితం కోసం కష్టపడే భారాన్ని ఎవరికి వారు పక్కవారి మీదకు నెడతారని, గుంపు పెద్దదయ్యేకొద్దీ ఈ జబ్బు ముదురుతుందని వాదించాడు. 1968లో గారెట్ హార్డిన్ ఉమ్మడి పచ్చిక బయళ్ళకు ఇదే గతి పడుతుందన్నాడు. ఉమ్మడి వనరు ప్రైవేటు సొత్తయినా కావాలి, ప్రభుత్వం చేతిలోకైనా పోవాలి, మూడో దారి లేదన్న నమ్మకం విధానకర్తల్లో పాతుకుపోయింది. తాను చెప్పింది నిర్వహణ లేని ఉమ్మడి వనరుల గురించేనని హార్డిన్ 1990లలో సవరించుకున్నా, అప్పటికే ఆ నమ్మకం చాలా దూరం వెళ్ళింది.

ఈ సందడిలో ఒక ముఖ్యమైన వ్యాసం మరుగున పడింది. 1967లో అమర్త్యసేన్ రెండు రకాల సమస్యలను విడదీసి చూపించాడు. ఒకదానిలో ఎదుటివాడు కలిసి వచ్చినా మోసమే లాభం. అది ఖైదీల సందిగ్ధం. రెండోదానిలో ఎదుటివాడు కలిసి వస్తాడన్న భరోసా ఉంటే కలిసి నడవడమే నాకూ లాభం, ఆ భరోసా లేకపోతేనే తప్పుకోవడం లాభం. సేన్ దీన్ని భరోసా ఆటగా గుర్తించాడు. 18వ శతాబ్దంలో రూసో చెప్పిన దుప్పి వేటలోనూ ఇదే నిర్మాణం ఉంది. అందరూ తమ స్థానాల్లో నిలబడితే దుప్పి దొరుకుతుంది, ఒకడు కుందేలు వెంటపడితే మిగతావారికి ఏదీ దక్కదు. ఈ రెండు ఆటలకూ మందు వేరు. మొదటిదానికి శిక్షో ప్రోత్సాహమో కావాలి. రెండోదానికి నమ్మకం కుదిరితే చాలు. తర్వాతి చర్చలో సగం గందరగోళం ఈ తేడాను మరిచిపోవడం వల్ల పుట్టింది.

నిరాశకు నాలుగు జవాబులు

*పదేపదే కలుసుకోవడం.* 1980లో రాబర్ట్ ఆక్సెల్రాడ్ ఖైదీల సందిగ్ధాన్ని వరుసగా ఆడే కంప్యూటర్ ప్రోగ్రాములకు పోటీ పెట్టాడు. మొదటిసారి 14, రెండోసారి 62 ఎంట్రీలు వచ్చాయి. రెండుసార్లూ గెలిచింది అనతోల్ రాపొపోర్ట్ పంపిన అతి చిన్న ప్రోగ్రామే. అది ముందు సహకరిస్తుంది, ఆ తర్వాత ఎదుటివారు కిందటిసారి చేసినదే తిరిగి చేస్తుంది. రేపు మళ్ళీ ముఖాలు చూసుకోవాలని తెలిస్తే ఈరోజు మోసానికి విలువ తగ్గుతుందన్నది ఇందులోని సారం. 1981లో జీవశాస్త్రజ్ఞుడు విలియం హామిల్టన్‌తో రాసిన వ్యాసం, 1984లో వచ్చిన పుస్తకం ఈ ఆలోచనను అన్ని రంగాలకూ చేర్చాయి.

అయితే దీనికి ఒక బలహీనత ఉంది. ఎదుటివారు కావాలని మోసం చేశారా, పొరపాటున జరిగిందా తెలియని చోట దెబ్బకు దెబ్బ పద్ధతి అంతులేని పగగా మారుతుంది. 1992, 1993లలో మార్టిన్ నోవాక్, కార్ల్ సిగ్మండ్ చేసిన పరిశోధన దీన్ని చూపించింది. అప్పుడప్పుడూ క్షమించే పద్ధతులు, ఫలితం బాగుంటే కొనసాగి లేకుంటే మార్చుకునే పద్ధతులు పొరపాట్లున్న లోకంలో మెరుగ్గా నిలిచాయి. పైగా పునరావృత ఆటల్లో సమతౌల్యాలు లెక్కకు మిక్కిలిగా ఉంటాయి. సహకారం సాధ్యమని సిద్ధాంతం చెప్పగలదే తప్ప అదే జరుగుతుందని చెప్పలేదు.

*నియమాలు, సంస్థలు.* ఎలినార్ ఆస్ట్రమ్ 1990లో వచ్చిన పుస్తకంలో స్విట్జర్లాండ్ కొండల పచ్చిక బయళ్ళు, స్పెయిన్ సాగు కాలువలు, ఫిలిప్పీన్స్ నీటి సంఘాలు వందల ఏళ్ళుగా ఎలా నిలిచాయో పరిశీలించింది. వనరుకు స్పష్టమైన హద్దులు, స్థానిక పరిస్థితికి తగిన నియమాలు, వాటిని మార్చడంలో వాడుకునేవారి పాత్ర, తమలో తాము పెట్టుకునే నిఘా, చిన్నగా మొదలై పెరిగే శిక్షలు, తగవు తీర్చే చౌకైన ఏర్పాటు, ప్రభుత్వ గుర్తింపు, పెద్ద వ్యవస్థల్లో అంచెలంచెల నిర్మాణం అనే ఎనిమిది సూత్రాలు చెప్పింది. 2009లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ అందుకున్న తొలి మహిళ ఆమే. నిలిచిన సంఘాలను చూసి సూత్రాలు తీయడం వల్ల ఊళ్ళో పెత్తనాల సంగతి చాలినంత బయటపడలేదని విమర్శకులు అన్నారు.

*మనిషి స్వభావం.* 2000, 2002 సంవత్సరాల్లో ఎర్న్‌స్ట్ ఫేర్, సైమన్ గాఖ్టర్ ప్రచురించిన ప్రయోగాల్లో జనం తమ జేబులోంచి ఖర్చు పెట్టుకుని మరీ ఎగవేతదారులను శిక్షించారు. శిక్షించే వీలున్నప్పుడు సహకారం నిలిచింది, లేనప్పుడు క్రమంగా కరిగిపోయింది. 2001లో జోసెఫ్ హెన్రిక్ బృందం 15 చిన్న సమాజాల్లో జరిపిన ప్రయోగాలు న్యాయబుద్ధి ఊరూరికీ మారుతుందని చూపాయి. 2008లో ప్రపంచంలోని 16 నగరాల్లో జరిగిన ప్రయోగాలు ఒక చేదు నిజాన్ని బయటపెట్టాయి. కొన్నిచోట్ల జనం ఎగవేతదారులను వదిలి, బాగా సహకరించినవారినే శిక్షించారు. అంటే శిక్షించే అధికారం దానంతటదే మంచికి దారి తీయదు.

*నిర్మాణం, అల్లిక.* నాలుగో బృందం చూపును వ్యక్తి మీది నుంచి వ్యవస్థ మీదకు మళ్ళించింది. ఊరేగింపులో చేరాలంటే ముందు ఎంతమంది చేరి ఉండాలన్నది మనిషికీ మనిషికీ మారుతుందని, ‘గడప’ అనదగ్గ ఆ సంఖ్యల్లో చిన్న తేడా మొత్తం ఫలితాన్ని తలకిందులు చేయగలదని మార్క్ గ్రానోవెటర్ 1978లో చూపాడు. అదే ఏడాది థామస్ షెల్లింగ్ చిన్న చిన్న కోరికల నుంచి ఎవరూ కోరని పెద్ద ఫలితాలు ఎలా పుడతాయో ఒక పుస్తకంలో వివరించాడు. 1984లో మొదలైన సాంటా ఫే సంస్థ ఇలాంటి పరిశోధనలకు కూడలిగా మారింది. 1992లో నోవాక్, రాబర్ట్ మే గళ్ళ బల్ల లాంటి అమరికలో ఇరుగుపొరుగుతోనే ఆడే ఆటను అనుకరించి, సహకరించేవారు గుంపులుగా ఉంటే మోసగాళ్ళ మధ్య కూడా బతకగలరని చూపారు. ఎవరు ఎవరి పక్కన ఉన్నారన్నది వారి స్వభావమంత ముఖ్యమన్నది ఈ బృందం చెప్పే మాట.

తెలుగు పల్లెలే ప్రయోగశాల

ఈ వాదాలను తూచడానికి తెలుగు నేల కన్నా మంచి చోటు అరుదు. నాలుగు అనుభవాలు ప్రత్యేకంగా చెప్పుకోదగ్గవి.

మొదటిది కర్నూలు జిల్లా. రాబర్ట్ వేడ్ అక్కడి కాలువ కింది ఊళ్ళను పరిశీలించి 1988లో వెలువరించిన గ్రంథం ఈ రంగంలో మైలురాయి. కొన్ని ఊళ్ళలో అధికారిక పంచాయతీతో సంబంధం లేని ఊరి మండలి ఉంది. ఉమ్మడి నిధి ఉంది. పొలాల కావలివాళ్ళు, నీళ్ళు పారించే మనుషులు ఊరి జీతం మీద పనిచేస్తున్నారు. కోసిన పొలాల్లో మందలు మేపుకునే హక్కును గొర్రెల కాపరులకు అమ్మగా వచ్చిన డబ్బు నిధికి చేరుతోంది. పక్క ఊళ్ళో ఇవేవీ లేవు. తేడా ఎక్కడుందో వెతికితే మనుషుల మంచితనంలో దొరకలేదు, ఊరున్న చోటులో దొరికింది. కాలువ చివర ఉండి నీటికి కటకటలాడే ఊళ్ళు, మంచి నేలల వల్ల పశువులు ఎక్కువై పైరుకు ముప్పున్న ఊళ్ళు ఏకమయ్యాయి. ఎగువన నీళ్ళకు కొదవలేని ఊళ్ళకు ఆ అవసరం రాలేదు. ఈ మండళ్ళు ప్రజాస్వామ్య నమూనాలు కావని కూడా వేడ్ దాచలేదు. వాటిలో పెద్ద భూస్వాములదే మాట. నిధిలో కొంత నీటిపారుదల సిబ్బందిని మచ్చిక చేసుకోవడానికీ పోయేది. ఒక ఊరి ఐకమత్యం ఇంకో ఊరి నీటికి గండి కావచ్చన్నమాట.

రెండోది 1997 నాటి సాగునీటి సంస్కరణ. కర్నూలు ఊళ్ళు తమంతట తాము చేసుకున్నదాన్ని రాష్ట్రమంతటా చట్టంతో చేయాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పూనుకుంది. రైతుల సాగునీటి నిర్వహణ చట్టం కింద ఒక్క దెబ్బలో పది వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. మొదటి ఏళ్ళలో కాలువల మరమ్మతులు జరిగి చివరి ఆయకట్టుకు నీళ్ళు చేరిన చోట్లున్నాయి. కానీ నిధులు పైనుంచి వచ్చినంతకాలమే చాలా సంఘాలు కదిలాయి. ఎన్నికలు సక్రమంగా జరగకపోవడం, కాంట్రాక్టు పనులే సంఘం పనిగా మారిపోవడం, పలుకుబడి ఉన్నవారి పెత్తనం మీద పరిశోధకులు ఎత్తిచూపిన విమర్శలు ఇప్పటికీ నిలిచే ఉన్నాయి. ఆస్ట్రమ్ సూత్రాల్లో కొన్ని చట్టంలో ఉన్నాయి. నియమాలను వాడుకునేవారే మార్చుకోవడమన్న సూత్రం మాత్రం కాగితం దాటలేదు.

మూడోది భూగర్భ జలం. కాలువ నీరు కంటికి కనిపిస్తుంది, బోరు నీరు కనిపించదు. ఎవరు ఎంత తోడుతున్నారో పక్కవారికి తెలియదు. నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం అనుమతులు, నిషేధాల దారి పట్టింది. 2003 తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో కరువు జిల్లాల్లో నడిచిన రైతు నిర్వహణలోని భూగర్భ జల పథకం వేరే దారి ఎంచుకుంది. వాన, బోరు నీటి మట్టం రైతులే కొలిచి, ఊరందరి ముందు నీటి బడ్జెట్ వేసుకుని, ఏ పంట వేయాలో ఎవరికి వారు నిర్ణయించుకున్నారు. ఇక్కడ శిక్ష లేదు, సమాచారం మాత్రమే ఉంది.

అంతకన్నా విశేషం తర్వాత జరిగింది. రూత్ మెయిన్‌జెన్-డిక్ బృందం ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో రైతులతో నిజంగానే ఆటలు ఆడించింది. ఎక్కువ నీరు తాగే పంట వేస్తారా, తక్కువ తాగే పంట వేస్తారా అని ప్రతి వంతులో ఎంచుకోవాలి. అందరి ఎంపికలూ కలిసి నీటి మట్టాన్ని మారుస్తాయి. ఆట అయ్యాక ఊరంతా కూర్చుని చర్చించింది. 2018లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, మాట్లాడుకునే వీలు మొదటి ఏడాది పెద్దగా తేడా తేలేదు, రెండో ఏడాది తెచ్చింది. గెలుపును బట్టి డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా పంట ఎంపికలో మార్పు లేదు. ఆట ఆడిన ఊళ్ళలో నీటి రిజిస్టర్లు, నియమాలు పెట్టుకున్నవి మిగతావాటికన్నా ఎక్కువగా కనిపించాయి. ఆటలతోనే నీళ్ళు ఊరవని పరిశోధకులే హెచ్చరించారు. అయినా గేమ్ థియరీ ఇక్కడ మనుషుల్ని అంచనా వేసే సాధనంగా ఆగలేదు. మనుషులే తమ స్థితిని అర్థం చేసుకునే సాధనమైంది.

నాలుగోది రుణ సంఘాలు. ఒకరి అప్పుకు మిగతావారు పూచీ ఉండే పద్ధతి తోటివారి నిఘా వల్ల పనిచేస్తుందని 1990లో జోసెఫ్ స్టిగ్లిట్జ్ వివరించాడు. 1995లో టిమ్ బెస్లీ, స్టీఫెన్ కోట్ రెండో వైపు చూపారు. కొందరు ఎగవేస్తారని తెలిస్తే, కట్టగలిగినవారు కూడా ఎందుకు కట్టాలని ఆగిపోవచ్చు. 2006లో కృష్ణా జిల్లాలో, 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్రం సూక్ష్మరుణ సంస్థలపై ఆర్డినెన్స్ తెచ్చాక ఇంకా పెద్ద ఎత్తున ఇదే జరిగింది. ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థల వసూళ్ళు రాష్ట్రంలో కుప్పకూలాయి. ఒత్తిడి వసూళ్ళు, ఒకే ఇంటి మీద పడిన అనేక అప్పులు ఆ పతనానికి నేపథ్యం. నిన్నటిదాకా అందరూ కట్టారు కాబట్టి నేనూ కట్టాను, ఈరోజు ఎవరూ కట్టడం లేదు కాబట్టి నేనూ కట్టను అన్న లెక్కలో మనిషి స్వభావం మారలేదు, చుట్టూ ఉన్నవారి మీద అంచనా మారింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకున్న సారా వ్యతిరేక ఉద్యమం ఊరి నుంచి ఊరికి పాకి 1993 అక్టోబరులో సారా నిషేధానికి దారితీయడం వెనుకా ఇదే యంత్రాంగం ఉంది. ఒక గడప దాటగానే సహకారం, ఎగవేత ఒకే వేగంతో వ్యాపించగలవు.

చెరకు రైతు ముందున్న ఆట

ఇప్పుడు గోవాడకు వద్దాం. ఈ ప్రాంతానికి సహకార చక్కెర చరిత్ర కొత్త కాదు. మహారాష్ట్రలో ప్రవరానగర్ కర్మాగారం 1950లో మొదలవడానికి చాలా ముందే, 1933లో ఏటికొప్పాకలో రైతులు సహకార సంఘం పెట్టుకున్నారు. తుమ్మపాల, గోవాడ, పాయకరావుపేట దగ్గరి తాండవ కూడా ఆ బాటలోనే వచ్చాయి. ఇటీవలి ఏళ్ళలో ఏటికొప్పాక, తుమ్మపాల, తాండవ మూడూ మూతపడ్డాయి. గోవాడ బకాయిల బరువుతో సతమతమైంది.

కొట్టిన చెరకు నిలవ ఉండదు. ఆలస్యమైన కొద్దీ పంచదార శాతం పడిపోతుంది. దాంతో రైతు దగ్గరి ఫ్యాక్టరీకి కట్టుబడతాడు, ఫ్యాక్టరీ చుట్టుపక్కల రైతుకు కట్టుబడుతుంది. ఈ పరస్పర బందీతనమే సహకార యాజమాన్యానికి మూలకారణం. కానీ ఇక్కడి రైతుకు ఇంకో తలుపు తెరిచే ఉంది. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటైన అనకాపల్లి పక్కనే ఉంది. బెల్లం ధర బాగున్న ఏడాది గానుగ లాభం, చక్కెర ధర బాగున్న ఏడాది ఫ్యాక్టరీ లాభం. మహారాష్ట్ర రైతుకు ఇంత దగ్గరలో ఇంత పెద్ద ప్రత్యామ్నాయం అన్నిచోట్లా లేదు.

ఫ్యాక్టరీ వైపు లెక్క ఇలా ఉంటుంది. యంత్రాలు, జీతాలు, వడ్డీలు చెరకు వచ్చినా రాకున్నా తప్పవు. గానుగాట ఎక్కువ రోజులు నడిస్తే టన్ను మీద పడే భారం తగ్గి, రైతుకు చెల్లించే శక్తి పెరుగుతుంది. చెరకు తగ్గితే ఖర్చు పెరిగి బకాయి మిగులుతుంది. బకాయి పడితే వచ్చే ఏడాది చెరకు ఇంకా తగ్గుతుంది. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు సరఫరా అయిన 14 రోజుల్లో డబ్బు చెల్లించాలంటుంది, ఆలస్యానికి వడ్డీ విధిస్తుంది. ఖజానా ఖాళీగా ఉంటే ఆ నియమం రైతు చేతికి డబ్బు తేలేదు.

ఈ వర్ణన ఖైదీల సందిగ్ధానికి సరిపోదు. తగినంతమంది చెరకు తోలి, సకాలంలో డబ్బు అందుతుందన్న భరోసా ఉంటే ఫ్యాక్టరీకి తోలడమే ఎక్కువమంది రైతులకు లాభం. భరోసా పోతే ఎవరికి వారు గానుగ వైపు పోవడం లాభం. సేన్ చెప్పిన భరోసా ఆట ఇదే. ఇందులో నిలకడైన స్థితులు రెండుంటాయి. ఒకటి నిండుగా నడిచే ఫ్యాక్టరీ, రెండోది మూతపడ్డ ఫ్యాక్టరీ. రైతుల్ని నిందించినా పాలకవర్గాన్ని నిందించినా మొదటి స్థితికి చేరలేకపోవడానికి కారణం అదే.

దీని మీద మూడు చిక్కులు తోడవుతాయి. ఒకటి, బయటి ఆట. చక్కెర కనీస అమ్మకం ధరను కేంద్రం 2018లో కిలోకు 29 రూపాయలుగా పెట్టి, 2019 ఫిబ్రవరిలో 31 చేసింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి అది కదల్లేదు. చెరకుకు చెల్లించాల్సిన గిట్టుబాటు ధర మాత్రం క్వింటాలుకు 2018-19లో 275 రూపాయల నుంచి 2024-25లో 340కి చేరింది. ఇథనాల్, విద్యుత్ లాంటి అదనపు రాబడి లేని చిన్న ఫ్యాక్టరీ ఈ రెండు ధరల మధ్య నలిగిపోతుంది. ఆలస్యం మోసం వల్ల వచ్చిందా, ధరల వల్ల వచ్చిందా రైతుకు తెలిసే దారి లేనప్పుడు, నోవాక్, సిగ్మండ్ చెప్పిన పొరపాటు పగ ఇక్కడా మొదలవుతుంది.

రెండు, లోపలి అసమానత. మహారాష్ట్రలో దాదాపు 100 చక్కెర సహకార సంఘాల 1971-93 లెక్కలను పరిశీలించి అభిజిత్ బెనర్జీ, దిలీప్ ముఖర్జీ, కైవాన్ మున్షీ, దేబ్‌రాజ్ రే 2001లో ఒక నిర్ణయానికొచ్చారు. సభ్యుల్లో చిన్న, పెద్ద కమతాల తేడా ఎక్కువున్న చోట చెరకు ధర తక్కువగా, ఫ్యాక్టరీ సామర్థ్యం కూడా తక్కువగా ఉంది. పెద్ద రైతుల చేతిలో పెత్తనం ఉంటే చెరకు ధర తొక్కిపెట్టి మిగులును వేరే దారిలో అనుభవించే వీలుంటుంది. సహకారమన్న పేరు చాటున ఖైదీల సందిగ్ధం కన్నా పాతదైన పెత్తనపు సమస్య దాగి ఉండవచ్చు.

మూడు, వెనక్కి రాలేని మలుపు. చెరకు వదిలిన భూమిలో రైతు సరుగుడో జామాయిలో వేస్తే ఆ నేల కొన్నేళ్ళు చేతికి రాదు. కోసిన మొదళ్ళ నుంచి మళ్ళీ పెరిగే కార్శి తోటలు పోతాయి. నరికే కూలీ ముఠాలు వేరే పనులకు అలవాటు పడతాయి. చెరకు తగ్గడానికి ఒక చెడు సీజన్ చాలు, తిరిగి పెరగడానికి ఒక మంచి సీజన్ చాలదు. సంక్లిష్ట వ్యవస్థల పరిశోధన ఈ అసౌష్టవాన్నే నొక్కి చెబుతుంది.

పక్కపక్కన పెడితే

- ఓల్సన్, హార్డిన్ బాట: సమస్య ఎగవేతలో ఉందంటుంది. మందు శిక్ష, ప్రోత్సాహం లేదా యాజమాన్య మార్పు. కనిపించని బోరు నీటికి ఇది కొంత వర్తిస్తుంది. గోవాడలో చెరకు మళ్ళింపు మీద ఆంక్షలు పెడితే బకాయి సమస్య అలాగే ఉంటుంది.
- ఆక్సెల్రాడ్ బాట: సమస్య రేపటి మీద నమ్మకం లేకపోవడంలో ఉందంటుంది. ఏటా కలిసే రైతు, ఫ్యాక్టరీ మధ్య ఇది బలంగా వర్తిస్తుంది. ఆలస్యానికి కారణం తెలియని చోట బలహీనపడుతుంది.
- ఆస్ట్రమ్, వేడ్ బాట: సమస్య స్థానిక నియమాల లోపంలో ఉందంటుంది. కర్నూలు కాలువలకు చక్కగా సరిపోయింది. బయటి ధరలు శాసించే పరిశ్రమ ముందు ఊరి నియమాలు నిస్సహాయం.
- ఫేర్, గాఖ్టర్ బాట: న్యాయబుద్ధి ఉందంటుంది, దాన్ని నిలబెట్టే ఏర్పాటు కావాలంటుంది. రుణ సంఘాల్లో అదే బుద్ధి ఎదురు తిరగగలదని కూడా చూశాం.
- సంక్లిష్ట వ్యవస్థల బాట: గడపలు, గొలుసుకట్టు ఫలితాలు చూడమంటుంది. జరిగినదాన్ని వివరించడంలో బలం ఎక్కువ, జరగబోయేది ఎప్పుడో చెప్పడంలో బలం తక్కువ.

ఇంకా తేలనివి

ప్రభుత్వ పాత్ర మొదటి ప్రశ్న. 1964 సహకార సంఘాల చట్టం కింద చక్కెర సహకార కర్మాగారాలు ప్రభుత్వం నియమించే మేనేజింగ్ డైరెక్టర్లతో నడిచాయి. 1995లో దేశంలో మొదటిసారి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, ప్రభుత్వ వాటా, జోక్యం లేని సంఘాలకు దారి తెరిచింది. 1956లో మొదలైన ముల్కనూరు సహకార గ్రామీణ బ్యాంకు స్వతంత్రంగా నడిచే సంఘానికి ఉదాహరణగా నిలిచింది. ముల్కనూరుకు పనికొచ్చిన స్వేచ్ఛ, కేంద్రం నిర్ణయించే ధరల మధ్య నడిచే చక్కెర ఫ్యాక్టరీకి పనికొస్తుందా? ఇప్పటికి ఉన్న సాక్ష్యం రెండు వైపులా సగం సగమే.

పరిమాణం రెండో ప్రశ్న. ఊరి స్థాయిలో నిలిచిన సహకారం మండలం, జిల్లా స్థాయికి ఎదగగలదా? శారదా నదిపై దేవరాపల్లి దగ్గరున్న రైవాడ జలాశయం నీరు పొలాలకూ కావాలి, విశాఖ నగరం గొంతుకూ కావాలి. ఈ తగవులో ఉన్నవారు ఒకరికొకరు ముఖం తెలిసినవారు కారు. ఆస్ట్రమ్ చెప్పిన అంచెలంచెల ఏర్పాటు ఇలాంటి చోట ఎలా ఉండాలో చెప్పగలిగిన నమూనా ఇంకా రాలేదు.

సహకారం ఎవరి కోసం, ఎవరికి వ్యతిరేకంగా అన్నది మూడో ప్రశ్న. కర్నూలు ఊరి మండలి, ధర కుదుర్చుకునే వ్యాపారుల కూటమి, తక్కువ కులాలను బావి దగ్గరకు రానివ్వని కట్టుబాటు, ఇవన్నీ గణితం దృష్టిలో విజయవంతమైన సహకారాలే. సిద్ధాంతం వీటి మధ్య తేడా చెప్పదు. ఆ తేడా చెప్పాల్సింది నీతి, రాజకీయం.

ఆట బల్ల మీద నేర్చుకున్నది పొలంలో ఎంతకాలం నిలుస్తుందన్నది నాలుగో ప్రశ్న. నీటి ఆటల ఫలితాలు ఆశ కలిగిస్తున్నా, వరుస కరువుల తర్వాత కూడా ఆ రిజిస్టర్లు తెరిచి ఉంటాయా అన్నదే అసలు పరీక్ష.

మొదట అడగవలసినది

ఈ ఎనభై ఏళ్ళ చదువు నుంచి తీసుకోదగ్గది ఒక వరుసక్రమం. ముందు ఏ ఆటో తేల్చుకోవాలి. తర్వాత ఆటగాళ్ళకు బయట ఉన్న తలుపులేమిటో చూడాలి. చివర్లో నియమాల జోలికి పోవాలి. మన విధానాలు చాలావరకు నియమాలతో మొదలై, ఆట ఏమిటన్న ప్రశ్న దగ్గరకు ఎప్పుడూ చేరలేదు.

గోవాడ వంటి చోట ఆట భరోసాదే అయితే, దాన్ని పరీక్షించే మార్గం కూడా ఉంది. చెరకు నాటే కాలానికి ముందే పాత బకాయి తీర్చి, రాబోయే సీజన్ చెల్లింపులకు సరిపడే సొమ్మును ఫ్యాక్టరీ ముట్టుకోలేని ఖాతాలో వేసి, ఆ ఖాతా లెక్కను ప్రతి ఊరి రైతుకూ కనిపించేలా పెట్టాలి. అప్పుడు ఏ నిర్బంధమూ లేకుండా చెరకు తిరిగి వస్తే రోగ నిర్ధారణ సరైనదే. అంత భరోసా ఇచ్చినా రాకపోతే, జబ్బు నమ్మకంలో లేదు, ధరలోనో పెత్తనంలోనో ఉందని తేలుతుంది. అప్పుడు సహకార స్ఫూర్తి లేదని రైతును ఇక నిందించలేం. చక్కెర ధర నిర్ణయించే వారిని, ఫ్యాక్టరీ పగ్గాలు పట్టినవారిని ప్రశ్నించాల్సి వస్తుంది.